ముసలి గురువు పోయిన మధ్యాహ్నం

ఫోన్ మోగితే చాలు, గుండె జారిపోయే రోజులవి. కరోల్ బాగ్‌లో మూడో అంతస్తు గదిలో ఉంటూ సివిల్స్‌కి చదువుతుండేదాన్ని. (చదువుతున్నానని అమ్మ నమ్మకం.) ప్రిలిమ్స్ అప్పటికే రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే సామాను సర్దుకుని విజయవాడ వచ్చెయ్యాలని అమ్మతో ఒప్పందం. మూడోసారి ఫలితాలొచ్చే రోజు ఫోన్ చూసే ధైర్యం లేక, దాన్ని దిండు కింద దోపి, ఏడో తరగతి నుంచీ వెంటపడి చదువుతున్న మాంత్రికుల కథల్లో ఆఖరి పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆరు పుస్తకాలపాటు పిల్లల్ని కంటికి రెప్పలా కాచుకొచ్చిన ముసలి గురువు మధ్యాహ్నానికి చచ్చిపోయాడు. బావురుమన్నాను.

మా వీధి నిండా సివిల్స్‌కి చదివేవాళ్ళే; ఫలితాల రోజు ఏడుపు వినిపిస్తే కారణం ఎవరూ అడగరు. ఓనరు ఆంటీ అయితే ఆ రోజు పెద్ద గిన్నెతో చాయ్ కాచి సిద్ధంగా ఉంచుకునేది. నా ముందు ఒక గ్లాసు పెట్టి, "కోయీ బాత్ నహీ బేటా", ఏం పర్లేదమ్మా అంటూ తల నిమిరింది. దాంతో ఇంకా వెక్కివెక్కి ఏడ్చాను. ఆంటీ భయపడిపోయి, కంటోన్మెంట్‌లో ఉండే మా పిన్నికి ఫోన్ చేసేసింది. గంటలో పిన్ని ఆయాసపడుతూ, చేతిలో క్యారియర్‌తో దిగింది.

"పోతే పోయిందిలేవే. పరీక్షేగా, ప్రాణమా?"

"ప్రాణమే పోయింది పిన్నీ! గురువుగారు చచ్చిపోయాడు!"

"అయ్యయ్యో! మీ కోచింగ్ సారా?"

పుస్తకం చూపించాను. పిన్ని అట్ట వంకా, నా మొహం వంకా చూసింది.

"అచ్ఛా! ఈ గడ్డం తాత కోసమా నేను పరిగెత్తుకొచ్చింది? మరి నీ రిజల్టు?"

"చూళ్ళేదు."

పిన్ని దిండు కింది ఫోన్ లాగి నా చేతిలో పెట్టింది. ఇద్దరం జాబితా అంతా కిందికీ పైకీ రెండుసార్లు వెతికాం. నా నంబరు లేదు.

"ఏడ్చెయ్యవే, పర్లేదు" అంది పిన్ని. ఏడుద్దామంటే కళ్ళలో చుక్క మిగిలితేగా! "పాసవుతావని పొద్దున్నే చేశానే" అంటూ పులిహోర వడ్డించి, చివరికి తనే ముక్కు చీదుకుంది. నేను మాత్రం సిగ్గు లేకుండా రెండుసార్లు పెట్టించుకున్నాను.

మాట ప్రకారం ఆ వారమే గది ఖాళీ చేశాను. ఏడాది తర్వాత ఏదో ఉద్యోగం దొరికి విజయవాడ నుంచి మళ్ళీ ఇటే వచ్చి, ఈసారి నోయిడాలో చేరాను. ఆ పుస్తకంలో ఆఖరి నలభై పేజీలు ఇప్పటికీ చదవలేదు. ఎప్పుడైనా తీసి, మళ్ళీ మూసేస్తాను. అది పూర్తి కానంతవరకూ, ఆ గదిలో ఫోన్ దిండు కింద దోపి చదువుతూ కూర్చున్న అప్పటి పిల్లకింకా రిజల్టు రానట్టే. నవ్వొస్తుంది కానీ, దాన్నక్కడ అలాగే కూర్చోనివ్వాలనిపిస్తుంది.