పడుకోనివ్వని సెలవు

ఆ రోజు పత్తి నింపిన గోనె బోరెం భుజానికెత్తుకోబోతే చేతులు లేవలేదు. మాఘం దాటి ఎండలు ముదురుతున్న రోజులు. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. నేను జిన్నింగ్ మిల్లులో కూలీని. కోడుమూరు పక్కన మా ఊళ్లో వానలు లేక, భార్య ఈరమ్మతో టౌనుకొచ్చి బతుకుతున్నాను.

ఎండదెబ్బ అనుకున్నాను. ఈరమ్మ కొర్రగంజి కాచి తాగించింది. జ్వరం రోజురోజుకూ పైకే పోయింది. నాలుకకు పూత పట్టింది, మాట తడబడింది. పక్కింటి ఖాజా భాయ్ తన జట్కాలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, రక్తం తీసి వైడాల్ టెస్ట్‌కు పంపారు. "టైఫాయిడ్. పేగుల్లో పుండ్లుంటాయి. కంప్లీట్ బెడ్ రెస్ట్. లేచి తిరిగితే హెమరేజ్ అవుతుంది, లోపల రక్తం పోతుంది, తెలిసిందా?" అని ఈరమ్మతో గట్టిగా చెప్పారు. వార్డులో మంచం ఖాళీ లేదు. క్లోరాంఫెనికాల్ మాత్రలు రాసి, జబ్బు సంగతి చీటీ మీద రాసిచ్చి ఇంటికి పంపారు.

మా మిల్లులో జబ్బు చేస్తే సగం కూలితో సెలవుండేది. ముందటి ఏడాది మేమంతా పని ఆపి అడిగితే షావుకారు ఒప్పుకున్నాడు. వేరే మిల్లుల్లో అదీ లేదు. మాకు అదొక గొప్ప.

ఈరమ్మ తీసుకుపోయిన చీటీని షావుకారు చదివి, మడిచి తిరిగిచ్చాడు.

"చీటీ ఎవురైనా తెస్తారు. జబ్బు సెలవంటే జబ్బు నేను చూడల్ల. దినామూ సైరన్ కొట్టేయాళకు మనిషి గేటుకాడ కనపడల్ల. రాని దినం పేరు కొట్టేస్తా."

"లేస్తే సచ్చిపోతాడన్నారు సామీ."

"సచ్చేవానికి సెలవెందుకమ్మా?"

పేరు పోతే మందులకూ దారి లేదు. రోజూ పొద్దున నన్ను జట్కాలో పడుకోబెట్టి మిల్లుకు తీసుకుపోయేవాళ్లు. గేటు మేస్త్రీ లోపలికి తొంగిచూసి, "పండుకుంటే యట్లప్పా? దిగి నిలబడు, మేడ మీదికి కనపడల్ల" అనేవాడు. నేను దిగి చక్రం పట్టుకుని నిలబడేవాణ్ణి. షావుకారు పైనుంచి చూసి తల ఊపేవాడు. తోటి కూలీలు తల తిప్పుకుని లోపలికి పోయేవాళ్లు. ఒకడు మాత్రం, "ఇంగా ఎన్ని దినాలప్పా నీకు కూసున్న కూలి?" అని నవ్వాడు.

కొన్నాళ్లకు జ్వరం దిగింది. గండం గడిచిందనుకున్నాం. ఆ పొద్దున గేటు దగ్గర నిలబడి ఉండగా పొట్టలో ఏదో జారినట్టయింది. పంచె తడిసింది. చూస్తే నల్లటి రక్తం. కూలబడిపోయాను.

"ఈడ గాదు, అవతలికి జరపండి. బండ్లు రావల్ల" అన్నాడు మేస్త్రీ.

ఆసుపత్రిలో ఈసారి వరండాలో చాప దొరికింది. గ్లూకోజ్ ఎక్కించారు. "చెప్పిందేమిటి, మీరు చేసిందేమిటి? మనిషిని చంపుకుందామనుకున్నారా?" అని డాక్టరుగారు ఈరమ్మను తిట్టారు. ఆమె గేటు సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తరువాత అడిగాను.

"చెప్తే ఆయప్ప వచ్చి నీకు బదులు నిలబడతాడా?" అంది.

ఆసుపత్రిలో ఉండి గేటుకు పోలేదు కాబట్టి నా పేరు కొట్టేశారు. మరునాడే షావుకారు ఈరమ్మకు కబురు పంపాడు, మొగుని జాగాలో రమ్మని. కూలి మాత్రం ఆడకూలి. పగలు మిల్లులో, రాత్రి నా చాప పక్కన. తల నిండా దూది నూగుతో వచ్చేది.

జుట్టు రాలి, ఎముకలు తేలి, ఎట్లాగో నిలబడగలిగాక మిల్లుకు పోయాను.

"నీ జాగాలో నీ పెండ్లామే ఉండాది కదప్పా" అన్నాడు షావుకారు. "సగం కూలికి అదే పని శానా బాగా చేస్తాండాది. ఆయమ్మిని తీసేసి నిన్ను పెట్టుకోమంటావా?"

నేను గేటు దాటి వచ్చేశాను.

ఇప్పుడు రాజధాని హైదరాబాదుకు పోయింది. నేను ఇంట్లో వంట చేస్తాను, ఖాజా భాయ్ గుర్రానికి గడ్డి కోసుకొస్తాను. బరువెత్తితే పొట్ట పట్టేస్తుంది. మొన్న ఈరమ్మ ఒళ్లు కాలిపోతుంటే పడుకోమన్నాను. "పండుకుంటే సెలవడగల్ల" అని కొంగు బిగించి పోయింది. నేను అడ్డం నిలబడలేదు.

చదివేవాళ్లకు ఒక్కమాట. టైఫాయిడ్‌లో జ్వరం దిగిందని నమ్మకండి, పేగు చిట్లేది అప్పుడే. రోగిని లేపకండి. ఎవరు రమ్మన్నా లేపకండి.