కుండోడి నడక చూడ్డానికి తడ దాకా

రాజీ, బాగున్నావా? నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఈపాటికి నా మీద అలిగే ఉంటావు, అలగాల్సిందే. కొండ మీద బ్రహ్మోత్సవాలు, కింద మా అంగట్లో జనం, కూర్చుని నాలుగు ముక్కలు రాయడానికి తీరలేదు. ఏమీ అనుకోకు. నువ్వు రెండు సంగతులు అడిగావు. పిల్లలను తీసుకుని పులికాట్ సరస్సు చూడాలంటే ఎలా వెళ్ళాలి అని ఒకటి, మా అంగట్లో కొత్తగా పెట్టిన కుండ నెత్తి బొమ్మ ఎక్కడిది అని ఇంకొకటి. రెండింటికీ జవాబు ఒకే ప్రయాణంలో ఉంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. మదనపల్లెలో మనవాళ్ళు ఎవరైనా వెళ్తామంటే వాళ్ళకూ చదివి వినిపించు.

మద్రాసు టీవీలో ఆదివారం పొద్దున జపాను వాళ్ళు తీసిన బొమ్మల కథ ఒకటి వస్తోంది. మనుషులు ఉండరు, అన్నీ గీసిన బొమ్మలే, అవే ఎగురుతాయి, దూకుతాయి. అందులో ఒక బుడ్డోడు నెత్తి మీద అన్నం కుండ బోర్లించుకుని, గరిటెను కత్తిలా పట్టుకుని, తనంత వీరుడు లోకంలో లేడని ఇంట్లోంచి బయల్దేరతాడు. దారిలో కోడిపెట్ట కనిపిస్తే చాలు, ఒకటే పరుగు. వారం వారం అదే కథ. మాటలేమో హిందీ, మన పిల్లలకు ఒక్క ముక్క తెలియదు, అయినా పడీ పడీ నవ్వుతారు. వాడికి కుండోడు అని పేరు పెట్టుకున్నారు. కొండకు వచ్చే మద్రాసు పిల్లల చేతుల్లో బొటనవేలంత రబ్బరు కుండోళ్ళు ఉంటారు. నిలబడ్డ కుండోడు, బోర్లా పడ్డ కుండోడు, గుర్రు పెట్టే కుండోడు. ఒకటి కొంటే ఆగరమ్మా, మొత్తం గుంపు కావాలి. మా అంగడి మెట్ల మీద కూర్చుని, "నాకు పడ్డోళ్ళు ఇద్దరుండారు, నీ నిద్రపోయేవాణ్ణి నాకియ్యి" అని మార్చుకుంటూ ఉంటే ఎన్నిసార్లు చూశానో.

మా అంగట్లో ఏముంటాయో నీకు తెలుసు కదా. ఎర్ర చెక్క రాజారాణి బొమ్మలు, దేవుడి బొమ్మలు. అన్నీ ఏర్పేడు దగ్గర మాధవమాలలో ఉండే రత్నమాచారి చెక్కి ఇచ్చేవే. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయన చేతి బొమ్మలే అమ్ముతున్నాను. ఈ మధ్య పిల్లలు రాజారాణిని ఎత్తి చూసి పెట్టేస్తున్నారు. ఆయన ఉలి పక్కన పెట్టేస్తానన్నాడు. గూడూరులో నిమ్మకాయల మండీలో బావమరిది పని చూశాడట, బస్తాల దగ్గర కూర్చోవడం. "నిమ్మకాయలకు ముక్కూ మొగమూ చెక్కే పనుండదు గదమ్మా" అన్నాడు నవ్వుతూ. నవ్వినా ఆ మాట నాకు గుచ్చుకుంది. మద్రాసు నుంచి ఒక రబ్బరు కుండోణ్ణి తెప్పించి, దీన్ని చెక్కలో చేసి ఇవ్వండి, పిల్లలు ఎగబడతారు అన్నాను.

చేశాడు. తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాజీ, ఏం చెప్పమంటావు! వాళ్ళ పనిలో ముఖం ఎంత ఉంటే ఒళ్ళు దానికి తొమ్మిదింతలు ఉండాలని లెక్క. ఆ చెయ్యి అలవాటు ప్రకారం పోయింది. బుడ్డోడు సన్నగా, పొడుగ్గా, సగం మూసిన కళ్ళతో, పెదవుల మీద చిరునవ్వుతో నిలబడ్డాడు. కుండ కిరీటంలా ఉంది. గరిటె గదలా ఉంది. మరునాడు ఎవరో యాత్రికురాలు, ముసలమ్మ, ఆ బొమ్మను రెండు చేతులతో కళ్ళకద్దుకుంది.

"ఏ సామమ్మా ఈయన? మా కోడలికి కాన్పు దగ్గరకొచ్చింది, మొక్కుకుంటాను" అంది.

రత్నమాచారి పక్కనే ఉన్నాడు. ముఖం వాడిపోయింది. "సూసినావా? నా చేతికి నవ్వించే యోగం లేదు. సోమవారం మండీలో చేరతాను" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "వాడు నడిచేది మీరు చూడలేదు. ఈ ఆదివారం నాతో తడకు రండి. ఆడ మద్రాసు టీవీ బాగా పడుతుంది. చూసినాక కూడా చెయ్యి రాకపోతే, తడ స్టేషన్లోనే గూడూరు బండి ఎక్కండి, టికెట్ నేనే తీస్తాను" అన్నాను. సరేనన్నాడు. సరేనంటూనే బట్టలు సర్దుకున్నాడు.

ఆదివారం మా ఆయన్ను అంగట్లో కూర్చోబెట్టి, ఐదింటి బస్సులో తిరుపతిలో బయల్దేరాను. కాళహస్తికి నాలుగు రూపాయలు. ఏర్పేడులో రత్నమాచారి ఎక్కాడు, ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో గోనెగుడ్డలో చుట్టిన ఉలులు. కాళహస్తిలో దిగి బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాం. అక్కడ కారం పొడి బాగుంటుంది, నువ్వు వెళ్తే నెయ్యి వేయమని అడుగు, అడగకపోతే వేయరు. ఏడు దాటాక వరదయ్యపాళెం మీదుగా తడకు పోయే బస్సు దొరికింది, మనిషికి ఆరు రూపాయలు. కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, రత్నమాచారి కుండోడి గురించి ఆరా తీయడం మొదలుపెట్టాడు.

"వాడికి వాహనం ఏందమ్మా?"

"వాహనం లేదు ఏమీ లేదు. కాళ్ళతోనే పరిగెత్తతాడు."

"చేతిలో ఉండేది ఆయుధమేనా?"

"వాడి లెక్కన ఆయుధం. కోడి లెక్కన వట్టి గరిటె."

"కోపిష్టా, శాంతమూర్తా?"

"భయస్తుడు."

"భయానికి మా శాస్త్రంలో బొమ్మ లేదమ్మా" అని కిటికీ బయటకు చూస్తూ కూర్చున్నాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "యా ఊరి సామప్పా ఈయన, తిరనాళ్ళెప్పుడు?" అని అడిగాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆచారి నవ్వలేదు.

వరదయ్యపాళెం దాటాక వేరుశనగ చేలు వెనకబడిపోయి సరుగుడు తోపులు మొదలవుతాయి. గాలిలో ఉప్పు వాసన వస్తుంది, అప్పుడు తెలుస్తుంది సరస్సు దగ్గరికి వచ్చామని. తొమ్మిదికల్లా తడలో దిగాం. సరస్సు ఒడ్డున జాలర్ల పాళేనికి జట్కా మాట్లాడుకోవాలి. మూడు రూపాయలు అడిగాడు, రెండున్నరకు వచ్చాడు.

"టీవీ యింటికా అక్కా? ఆదివారమైతే నేను పగ్గం పట్టే పనే లేదు, తోవ నా గుర్రానికే తెలుసు" అన్నాడు జట్కా అతను.

టీవీ ఉన్నది దొరసానమ్మ అనే ఆవిడ ఇంట్లో. ఆవిడ భర్త రొయ్యలు కొని మద్రాసుకు పంపుతాడు. ఇంటి మీద సరుగుడు కట్టెకు కట్టిన యాంటెన్నా దూరం నుంచే కనిపిస్తుంది. వసారా నిండా పిల్లలు. చెప్పులు బయట, ఒంటి నిండా చేపల వాసన, ఒకటే గోల. దొరసానమ్మ మమ్మల్ని చూసి, "తిరపతి నుంచా? ఈ బొమ్మలాట కోసరమా? కూర్చోండి తల్లీ" అని చాప వేసింది. ఆచారి అందరికంటే ముందు, తెరకు మూరెడు దూరంలో కూర్చున్నాడు. పదింటికి పాట మొదలైంది. కుండోడు తలుపు తీసుకుని గడప మీద అడుగు పెట్టాడు. అంతే. తెర నిండా ఇసుక పోసినట్టు చుక్కలు.

పిల్లలంతా ఒక్కసారి అరిచారు, "కొంగ! కొంగ!"

బయటకు వెళ్ళి చూస్తే యాంటెన్నా కడ్డీ మీద ఇంత పెద్ద కొంగ వాలి ఉంది. దాని బరువుకు కట్టె ఇటు తిరిగిపోయింది. దొరసానమ్మ కింది నుంచి చెయ్యి ఊపుతూ, "ఇంత చెరువుండాదే, నీకు నా యింటి కడ్డీ తప్ప చోటే దొరకలేదా?" అని తిడుతోంది. ఆవిడ భర్త తెడ్డు పట్టుకుని మిద్దె ఎక్కాడు. కొంగ ఎగిరింది, ఒక చుట్టు చుట్టి మళ్ళీ అక్కడే వాలింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇన్ని బస్సులు మారి వచ్చింది గడప మీద ఒక్క అడుగు చూడ్డానికా? ఆచారి లేచి సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"నా రాత ఇంతేనమ్మా. బండి ఎన్నింటికి?" అన్నాడు.

బొమ్మ పోయింది గానీ టీవీలో శబ్దం మాత్రం వస్తూనే ఉంది. డోలు చప్పుడు వినగానే ఎస్తేరు అనే పిల్ల, తొమ్మిదేళ్ళుంటాయేమో, లేచి దొరసానమ్మ వంటింట్లోంచి అన్నం గిన్నె తెచ్చి నెత్తిన బోర్లించుకుంది. "ఇప్పుడు కుండోడు యుద్ధానికి పోతాండాడు!" అని రొమ్ము విరిచి వసారా మధ్యలో నడవడం మొదలుపెట్టింది. లోపల టీవీలో కోడి కొక్కొక్కో అని అరిచింది. నలుగురు పిల్లలు మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ ఎదురొచ్చారు. ఎస్తేరు రొమ్ము ఇంకా ముందుకే ఉంది, మోకాళ్ళు మాత్రం వంగిపోయాయి, పాదాలు వెనక్కి తిరిగాయి. వసారా అంతా నవ్వులు.

ఆచారి సంచి దించాడు. "మే, ఇంకోసారి నడువు" అన్నాడు. ఎస్తేరు నడిచింది. "ఆగు! ఆడే ఆగు! కదలాకు!" అని సంచి తాడు విప్పి, గిన్నె అంచు నుంచి గడ్డం దాకా, గడ్డం నుంచి నేల దాకా కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. "అమ్మా, వాడు పొట్టోడు కాదు!" అని నా వైపు తిరిగి కేకేశాడు. "పరిగెత్తేదానికి ఎప్పుడూ సగం వంగే ఉంటాడు! నేను వాణ్ణి నిటారుగా నిలబెట్టేసినాను. నిలబడితే దేవుడైపోడా మరి!"

ఈలోగా కొంగ పోయింది, తెర బాగుపడింది, కానీ అప్పటికి కథ అయిపోయి, తెర మీద ఎవరో కళ్ళజోడాయన ఏదో చెబుతున్నాడు. ఆచారి చూడను కూడా చూడలేదు. పడవల దగ్గరికి పోయి విరిగిన తెడ్డు ముక్క ఒకటి తెచ్చుకుని వసారాలో చెక్కడానికి కూర్చున్నాడు. నేను పిల్లలతో పడవలో సరస్సు మీద ఒక చుట్టు తిరిగి వచ్చాను, మనిషికి రూపాయి. నీళ్ళు చాలా దూరం నడుము లోతే, నీ పిల్లలకు భయం లేదు. ఎర్రకాళ్ళ పెద్ద పక్షులు చలికాలంలోనే వస్తాయట. దొరసానమ్మ రొయ్యల పులుసుతో అన్నం పెట్టింది, చింతకాయ వేసి వండింది, ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. డబ్బు తీసుకోనంటే, అంగట్లోంచి వెంట తెచ్చుకున్న రాజారాణి జత ఇచ్చి వచ్చాను. ఆచారి ఇంటి నుంచి కట్టుకొచ్చిన పెరుగన్నం తిన్నాడు, ఎడమ చేతిలో బొమ్మ దించకుండానే.

రెండింటికి మళ్ళీ జట్కా. ఎస్తేరూ, ఇంకో ఇద్దరు పిల్లలూ వెనక వేలాడుతూ స్టేషన్ దాకా వచ్చారు. మాట ఇచ్చాను కాబట్టి గూడూరుకు టికెట్ తీసి ఆచారి చేతిలో పెట్టాను. జేబులో వేసుకున్నాడు. బెంచీ మీద కూర్చుని ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, బొమ్మను ఎస్తేరుకు ఇచ్చాడు.

"యాడ తప్పుండాదో చెప్పు మే. మొగమాటం పడాకు" అన్నాడు.

ఆ పిల్ల నవ్వలేదు. తిప్పి చూసింది, తల్లకిందులు చేసి చూసింది. రంగు లేదు, ముక్కు సరిగా తేలలేదు. ఆచారి గొంతు సవరించుకున్నాడు. దూరంగా బండి కూత వినిపించింది. ఎస్తేరు బొమ్మను బెంచీ అంచున రైలుకు ఎదురుగా నిలబెట్టింది. ఇంజను పెద్దగా కూసుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది.

"ఒరే కుండోడా, కోడొచ్చె! పరిగెత్తరా!" అని బొమ్మను లాక్కుని అటు పరిగెత్తింది. వెనకే పిల్లలు. వాళ్ళ వెనక, "మే! నా బొమ్మ! ఇంకా ముక్కు చెక్కాలి మే!" అని పంచె ఎగ్గట్టుకుని ఆచారి. బండిలో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నవ్వుతున్నారు. ప్లాట్‌ఫారం చివర్లో పిల్లను పట్టుకున్నాడు, ఇద్దరూ రొప్పుతూ నవ్వుతూ నేల మీద కూలబడ్డారు. అంతలో బండి కదిలింది. ఆయన కూర్చునే చూశాడు, లేవలేదు.

నేను దగ్గరికి వెళ్ళి, "బండి పోయింది గదన్నా" అన్నాను.

"పోనీలేమ్మా. నిమ్మకాయలు యాడికి పోతాయి, రేపు కూడా గుండ్రంగానే ఉంటాయి" అన్నాడు. "కాళహస్తి బస్సు ఎన్నింటికి?"

తిరుగు బస్సులో నేను నిద్రపోయాను. మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన గొంతే. ఏ చెక్క తేలిక, ఏ రంగు పిల్లలు నోట్లో పెట్టుకున్నా పోదు, పడ్డ కుండోడికి కాళ్ళు ఎటు పెట్టాలి, ఇవే మాటలు. ఇప్పుడు మా అంగట్లో ఆరు రకాల కుండోళ్ళు ఉన్నారు. దసరా కొలువులకు కొనుక్కుపోయి కింది మెట్టు మీద పెడుతున్నారు. మొన్న ఒక ముసలమ్మ వచ్చి ఒకణ్ణి ఎత్తి చూసింది. మళ్ళీ కళ్ళకద్దుకుంటుందేమోనని నేనూ ఆచారీ ఊపిరి బిగబట్టాం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. ఆయన చెవి వెనక పెట్టుకున్న పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అంతే, కానీ ఆ రోజంతా హుషారుగా ఉన్నాడు.

అనుకున్నది చూడకుండా తిరిగొచ్చినా తృప్తిగా ఉన్న ప్రయాణం నాకు ఇదొక్కటే. టీవీ సరిగా పడి ఉంటే అందరం అరగంట నవ్వుకుని లేచేవాళ్ళం, ఆయన గూడూరు పోయేవాడు. ఆ కొంగ ఇప్పుడు ఎక్కడుందో గానీ, తలుచుకున్నప్పుడల్లా దానికి నాలుగు రొయ్యలు వేయాలనిపిస్తుంది.

నువ్వు వెళ్ళేటప్పుడు ఒక్కటి మర్చిపోకు. తడలో దిగేటప్పుడే కండక్టర్‌ను తిరుగు బస్సు ఎప్పుడో అడిగి పెట్టుకో. కాళహస్తికి మధ్యాహ్నం బస్సు తప్పితే పిల్లలతో చాలా సేపు రోడ్డు మీద నిలబడాలి. ఎస్తేరుకు ముక్కు సరిచేసిన బొమ్మ ఒకటి ఇవ్వాలి, అది నీ చేతనే ఇప్పిస్తాను. ముందు తిరుపతికి రా, రాత్రికి మా ఇంట్లో ఉండి పొద్దున్నే కలిసి పోదాం. చెప్పు రాజీ, ఏ ఆదివారం వస్తున్నావు?