చెవిలో కుక్కిన పత్తి

మొన్న ఆదోని మార్కెట్‌లో పత్తి కుప్ప పక్కన కూర్చుంటే, ఆ పచ్చి వాసనకు నా ఎడమ చెవి గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఎమ్మిగనూరు దగ్గర అమ్మతో పత్తి ఏరడానికి వెళ్లేదాన్ని. కాలువలో దిగనని అమ్మ నాతో ఒట్టు వేయించుకుంది. అయినా దిగాను, ఈత కొట్టాను. చెవిలో నీళ్లు పోయాయి. ఎండకు కాలిన రాయి చెవికి ఆనించి ఒంటికాలిమీద ఎగిరినా రాలేదు. మూడోనాటికి పోటు, హోరు, చీము. కాలువ నీళ్లే కుళ్లి కారుతున్నాయనుకున్నాను. అమ్మకు తెలియకూడదని, పగిలిన కాయలోంచి పత్తి పీకి చెవిలో గట్టిగా కుక్కాను.

"ఏమే, పిలిస్తే పలకవు? కాలవకు పోయినావా?"

"లేదుమా, నేను యాడికీ పోలే."

కంపు కొట్టాకే అమ్మ పత్తి లాగి చూసింది. "కొడతానని సెప్పకుంటివా తల్లీ?" అంటూ నన్నెత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తింది. చీము ఆగింది గానీ చెవి పోయింది. ఆ రోజే నాలుగు దెబ్బలు తినుంటే దక్కేదేమో.

మా ఆయన బతికినన్నాళ్లూ నా కుడిపక్కనే నడిచాడు. ఇప్పుడు ఆ పక్క ఎవరూ లేరు. ఎడమ చెవిలో మాత్రం ఆ కాలువ ఇంకా పారుతూనే ఉంది.