కాప్రా పక్కింటావిడ పెరుగు

ఇంట్లో నలుగురు చేరితే చాలు, మా ఆయన మొదలుపెడతారు: "చెరువు గాలి తగిలే కాప్రా ఇల్లు వదిలి, చెంచాడు పెరుగు కోసం ఈవిడ నన్ను రాంగోపాల్‌పేట్ సందులోకి ఈడ్చుకొచ్చింది." శుద్ధ అబద్ధం. ఆ రోజుల్లో ఇల్లు చూడటమంటే కుళాయి తిప్పడం, గోడ మీద తట్టడం, అద్దె బేరమాడటం. పక్కింటి తలుపు తట్టి చూసిన తెలివైనవాళ్ళెవరో చెప్పమనండి! శ్రీకాకుళం నుంచి ఈ నగరానికి కొత్తగా దిగినదాన్ని. ఆయనకేమో నెలలో సగం రోజులు రైల్లోనే డ్యూటీ. నేనొక్కదాన్నీ ఉన్నప్పుడు జ్వరమొస్తే చెరువు గాలి వచ్చి కషాయం కాచిస్తుందా?

అందుకే హ్యాండ్‌బ్యాగులో బుల్లి స్టీలు గిన్నె పెట్టుకుని ఓ సాయంత్రం బయల్దేరాను. కాప్రాలో ఇల్లు బ్రహ్మాండంగా ఉంది. మేడ మీద ఉండే ఓనరుతో ఆయన మాటల్లో పడగానే నేను పక్కింటి బెల్లు కొట్టాను. "పక్కింట్లో దిగామండీ, పాలు తోడేసుకోవాలి, కాస్త పెరుగుంటే..." (దిగలేదు. కానీ నిజం చెప్పి పెట్టేది పరీక్షెలా అవుతుంది?) ఆవిడ గిన్నెనీ నన్నూ ఎగాదిగా చూసి, "దీపాలెట్టీసినాక పెరుగిస్తారేటమ్మా? మీ యమ్మ సెప్పలేదేటి?" అని తలుపేసేసింది. అచ్చం మా ఊరి యాస! మా అమ్మ కూడా చీకటిపడ్డాక ఎవరికీ పెరుగిచ్చేది కాదు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన హడావిడిలో ఆ సంగతే నాకు తట్టలేదు. తట్టినా ఒప్పుకునేదాన్ని కాదనుకోండి.

మర్నాడు సాయంత్రం రాంగోపాల్‌పేట్. ఇరుకు మెట్లు, కింద హారన్ల మోత. ఎదురు వాటాలో కుట్టుమిషన్ ముందు కూర్చున్న పెద్దావిడ, ఆ సందంతటికీ ఖాలా (అంటే పిన్ని), నా గిన్నె చూసి పకపకా నవ్వింది. "గింత గిన్నెల ఏడ సరిపోతది బిడ్డా? లోపలికి రా, జెర కూసో. ఏ ఊరు మీది? కింద నిలవడి సిగ్గువడుతున్నది మీ ఆయనేనా?" పెరుగు ఇచ్చేలోపు మా వంశ చరిత్రంతా లాగేసింది. ఊరు పేరైనా అడగని కాప్రా ఎక్కడ, వంద ప్రశ్నల ఈ మెట్లెక్కడ! నేను ఎంచుకున్నది పెరుగుని కాదు, ఆ ప్రశ్నల్ని. (తర్వాత నాకు నిజంగానే జ్వరమొచ్చినప్పుడు, ఆవిడ ప్రశ్నలడుగుతూనే జావ తాగించింది.)

అసలు సంగతి మా ఆయన నలుగురిలో చెప్పరు, నేనూ చెప్పను. ఇల్లు వద్దని చెప్పడానికి ఆయన ఫోన్ చేస్తే కాప్రా ఓనరు అన్నాడట: "అయ్యో, మీరొచ్చి వెళ్ళిన మర్నాడు తెల్లారగానే పక్కింటావిడ గ్లాసునిండా పెరుగు పట్టుకొచ్చిందండీ. కొత్తమ్మాయి రాత్రి పాలెలా తోడేసుకుందో ఏమోనని ఒకటే గొడవ!"

మొన్న సాయంత్రం మా పై వాటాలో దిగిన కొత్తమ్మాయి గిన్నె పట్టుకుని వచ్చింది. "దీపాలు పెట్టాక..." అన్న మాట మా అమ్మ గొంతుతో నా నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ పిల్లని కూర్చోబెట్టి, ప్రశ్నలన్నీ అడిగి, గిన్నె నింపి పంపాను. ఆమె మెట్లెక్కుతుంటే అనిపించింది: తాళం వేసిన ఆ గుమ్మం ముందు నిండు గ్లాసుతో నిలబడి, కాప్రా ఆవిడ నా గురించి ఏమనుకుని ఉంటుంది?