వంటింట్లో దీవి పిట్ట

మాది అనంతపురం. ఒకసారి శ్రీకాకుళం నుంచి రాజాం వెళ్లే బస్సులో నా పక్కన యాభై ఏళ్లావిడ కూర్చుంది. అండమాన్‌లోని పోర్ట్‌బ్లెయిర్ నుంచి చుట్టాల పెళ్లికి వచ్చిందట.

దారిలో ఆమె భర్త ఫోన్ చేశాడు. వాళ్ల వంటింటి గోడకున్న గూట్లోంచి పిట్టపిల్ల కింద పడిందట.

"బతికే ఉన్నాదా? మావా, నేల మీద ఉంచకు. అది నిలబడలేదు, పట్టుకుని ఏలాడతాదంతే. గూటికాడ గోనెసంచి కట్టి దానికి పట్టించు. కిటికీ ముయ్యకు, వానొస్తే రానీ."

తర్వాత నాకు ఫొటో చూపించింది. నల్లగా నిగనిగలాడే చిన్న పిట్ట, తెల్లటి పొట్ట. దీవుల అడవుల్లో, గుహల్లో ఉండే స్విఫ్ట్‌లెట్ అది. నాచును ఉమ్మితో అతికించి గూడు కడుతుంది.

"సొంతూరొచ్చినా మనసు అక్కడే ఉందన్నమాట," అన్నాను.

"ఇది మా అమ్మోలి ఊరు బాబూ. నాను పుట్టింది అక్కడే. ఇక్కడికి సుట్టపుసూపుకొస్తాను."

అంత చిక్కటి శ్రీకాకుళం యాస సముద్రం అవతల పెరిగిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

రాజాంలో దిగేసరికి భర్త వీడియో కాల్ చేశాడు. పిల్ల గోనెసంచిని పట్టుకుని వేలాడుతోంది. తల్లి ఇంకా రాలేదు.

ఆటోతో వచ్చిన కుర్రాడు, "అత్తా, పెళ్లికి ఆలీసమైపోతన్నాది," అన్నాడు.

"ఉండొరే," అంటూ ఆమె ఫోన్ చూస్తూనే బస్టాండు బెంచీ మీద కూర్చుంది. నేనూ నిలబడిపోయాను. కాసేపటికి కిటికీలోంచి ఒక నల్లటి పిట్ట దూసుకొచ్చి, పిల్ల పక్కనే సంచిని పట్టుకుని నోట్లో మేత పెట్టింది.

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది. "పదరా, ఇప్పుడు పెళ్లికెల్దాం."