చాటింపు గిడ్డయ్య ఆక్షేపణ

పత్తికొండ వైపు మా పల్లెలో నలభై ఏళ్లుగా తప్పెట కొట్టి చాటింపు వేసేది మా తాత గిడ్డయ్య. కొళాయి నీళ్లు రావన్నా, రేషన్ వచ్చిందన్నా, ఎవరి ఎద్దో తప్పిపోయిందన్నా ఊరికి తెలిసేది ఆయన నోటి నుంచే. ఆ సర్కారు మాటలు నాలుకకు అతుక్కుపోయి ఇంట్లో కూడా ఊడిరావు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, సంగటి చల్లారిపోయినాది" అంటాడు.

"పక్కూరోళ్లకు గూడా ఇనపడింది, తిను" అంటుంది మా అవ్వ.

ఆయనకొక నియమం ఉండేది. చాటేవాడు చెప్పమన్నదే చెప్పాలి, సొంత మాట ఒక్క ముక్క కలపకూడదు. అంత నిష్ఠ నాకు చదువు మీద ఉంటే ఎనిమిదో తరగతితో ఆగేదాన్ని కాదు. అయితే ఆ నిష్ఠను నమ్ముకునే, ఊరి పెద్దలు ఆయన నోటితోనే మా నాయన కేసుకు గోరీ కట్టించాలని చూశారు.

పోయిన పీర్ల పండగకు ఊరేగే పీరు మొదట ఎవరి వాకిట్లో ఆగాలని పుల్లయ్య ఇంటివాళ్లకూ శివశంకర్ ఇంటివాళ్లకూ పంతం వచ్చింది. రెండూ భూములున్న ఇండ్లే, ఒకే కులం. కట్టెలు లేచాయి. మధ్యలో తప్పెటలు కొడుతున్నది మా గేరి, అంటే మాదిగవాడ వాళ్లు. రెండు వైపుల దెబ్బలూ మావాళ్ల మీదే పడ్డాయి, కులం పేరుతో తిట్లు అదనం. మా నాయన జయరాజ్‌కు కుడి మణికట్టు విరిగింది. బేతంచెర్లలో లారీలకు బండలు ఎత్తిన మనిషి ఇప్పుడు ఆ చేత్తో చెంబు ఎత్తలేడు. రెండు ఇండ్ల వాళ్ల మీదా కేసు పెట్టాడు.

అంతే. ముప్పై ఏళ్లుగా మాటల్లేని ఆ రెండు ఇండ్లకూ పదిహేను రోజుల్లో శాంతి గుర్తొచ్చింది. పదకొండు మందితో శాంతి కమిటీ పుట్టింది. పీర్ల చావిడి చూసుకునే ముజావరుకు ఒక కుర్చీ ఇచ్చారు. మా గేరికి ఇవ్వలేదు. కర్నూలు నుంచి మధులత అనే మేడం ఏదో స్వచ్ఛంద సంస్థ తరఫున బ్యానరు తెచ్చింది. 'కులమతాలకు అతీతంగా' అని రాసి ఉంది. అతీతమంటే మా గేరిని తొక్కకుండా దాటిపోవడం కాబోలు అనుకున్నాను.

ఒప్పందం రోజు పొద్దున పుల్లయ్య గేరి మొదట్లోనే బండి ఆపి హారన్ కొట్టాడు. తాత పరుగున పోయాడు.

"ఏరా గిడ్డా, ఈ కాగితం మీ పాపతో చదివించుకో. పదకొండుకల్లా మూడు తావుల చాటాల. మాట పొల్లు పోగూడదు."

"పోదు సామీ."

ఇంటికొచ్చాక చదివాను. 'ఇరువర్గాల వారు పెద్దల సమక్షంలో రాజీపడినందున జయరాజ్ పెట్టిన కేసుతో సహా అన్ని కేసులూ ఉపసంహరించుకోబడును. ఆక్షేపణ ఉన్నవారు చెప్పవలెను.' దాని కిందే ఇంకో వాక్యం: 'చాటింపు వేయగా ఎవరూ ఆక్షేపణ చెప్పలేదు.' తాత ఇంకా తప్పెటను మంట దగ్గర కాచనే లేదు, ఆ మాట అప్పుడే టైపయి కూర్చుంది!

"ఇరువర్గాలంటే ఎవురు పాపా?"

"పుల్లయ్య వర్గం, శివశంకర్ వర్గం."

"మరి చెయ్యి ఇరిగినోడు ఏ వర్గం?"

"వాడు వర్గం గాదు తాతా, వాడు మధ్యలో తప్పెట."

గోడకు ఆనుకుని కూర్చున్న నాయన తల ఎత్తాడు. "నన్ను ఒక్కమాట అడిగినోడు ల్యాడు నాయనా. నువ్వు చాటినంక ఎవురూ అడ్డం చెప్పకపోతే ఊరంతా ఒప్పుకున్నట్టేనంట. రేప్పొద్దున కోర్టులో నేను యేం జెప్పినా, మీ నాయనే గదప్పా చాటింది అంటారు."

తాత తప్పెటను మంటకు కాచాడు. తప్పెట తీసుకుని బయలుదేరాడు. రెండు చోట్ల పొల్లు పోకుండా చాటాడు. వెనకే నడుస్తున్న నాకు ఒళ్లు మండిపోయింది.

మూడోది చావిడి ముందర. కమిటీ అంతా కుర్చీల్లో ఉంది. తాత కాగితంలోని మాటలన్నీ చెప్పి, "ఆక్షేపణ ఉన్నోళ్లు చెప్పండహో!" అని ముగించాడు. ఎవరూ నోరు మెదపలేదు. పుల్లయ్య పెన్ను మూత తీశాడు.

తాత తప్పెట మీద ఇంకో దరువు వేశాడు.

"నాకుండాదహో!"

"ఎవరికిరా?" అన్నాడు పుల్లయ్య.

"జయరాజ్ తండ్రి గిడ్డయ్యకు సామీ. వాన్ని అడక్కుండా వాని కేసు రాజీ చేసేదానికి ల్యాదు."

"నీది చాటే పని."

"చాటే పని అయిపాయ సామీ. ఇది నా పని."

"ఊరి శాంతి చెడగొడతాండావు గిడ్డా" అన్నాడు శివశంకర్.

నా నోరు ఊరుకోలేదు. "మా నాయన చెయ్యి ఇరిగినప్పుడు చెడలేదా సామీ ఆ శాంతి?"

మధులత మేడం లేచి చాలా మెత్తగా, "గిడ్డయ్య గారూ, ఊరి కోసం కాస్త పెద్ద మనసు చేసుకోండి" అంది.

"మనసు శానా పెద్దదే ఉండాది మేడమ్మా. కుర్చీనే ల్యాదు."

ఆమె కుర్చీలను, వాటిలోని వాళ్లను ఒకసారి చూసింది. పుల్లయ్య చేతిలోని కాగితం తీసుకుంది. ఆఖరి వాక్యం దగ్గర ఆగి, "ఇది ఎప్పుడు టైప్ చేశారు?" అని అడిగింది. పుల్లయ్య పెన్నుకు మూత పెట్టేశాడు. ఆమె దాన్ని కొట్టేసి, పక్కన 'గిడ్డయ్య ఆక్షేపణ చెప్పారు' అని రాసింది. తాత నాతో రెండుసార్లు చదివించుకున్నాకే వేలిముద్ర వేశాడు. పుల్లయ్య సంతకం పెట్టకుండా లేచిపోయాడు.

ఆ కమిటీ రిజిస్టరులో 'ఒక వ్యక్తి మొండితనం వల్ల శాంతి ప్రయత్నం ఆగిపోయినది' అని రాసుకున్నారట. మొండితనమట! కట్టెలు ఎత్తిన నలభై మంది శాంతికాముకులు, వద్దన్న ముసలాయన ఒక్కడూ మొండివాడు. ఇప్పుడు చాటింపుకు పత్తికొండ నుంచి మైకు ఆటో వస్తోంది. తాతకు పని లేదు.

కానీ కేసు బతికే ఉంది. సోమవారం మొదటి వాయిదా. విరిగిన చేతిని తువ్వాలతో మెడకు కట్టుకుని నాయన ఏడు గంటల బస్సెక్కాడు. పిలవకుండానే తాత పక్క సీట్లో కూర్చున్నాడు.