విషయం: మా అర్జీ. నకలు: అందరికీ

మా అర్జీకి నోరు ఉన్నది తినడానికే. కోపం వచ్చినా, కడుపునొప్పి వచ్చినా, పక్కింటివాళ్ళ కుళాయి కారినా, కాగితం తీసి "గౌరవనీయులైన" అని మొదలుపెట్టేది. దాని కింద "విషయం:" అని రాసి గీత కొట్టేది. చివర "నకలు:" అని ఎవరో ఒక మూడో మనిషిని ఇరికించేది. అమ్మానాన్నలు పెట్టిన పేరు హాజరుపట్టీలోనే ఉండిపోయింది. మాకు అది అర్జీయే.

ఏడో తరగతిలో నా మీదే రాసింది. "విషయం: నా పక్కన కూర్చునే అమ్మాయి బోర్డు చూడకుండా నా నోటుపుస్తకం చూసి రాయుట. నకలు: అమ్మాయి తండ్రిగారికి." హెడ్మాస్టరు నన్ను చివరి బెంచీ నుంచి లేపి, మొదటి బెంచీలో లెక్కల మాస్టారి ముక్కు కింద కూర్చోబెట్టారు. నెలరోజులు దానితో మాట్లాడలేదు. నేను మాట్లాడటం లేదని ఇంకో అర్జీ పెట్టింది.

పెళ్ళయిన వారానికే మొగుడి మీద రాసింది. "విషయం: గురక. నకలు: అత్తగారికి." అత్తగారూ గట్టి మనిషే. "మీ అర్జీ అందినది. సదరు గురక తండ్రి నుంచి సంక్రమించినది. మేమూ ముప్ఫై ఏళ్ళుగా తగు చర్య కోసం ఎదురుచూస్తున్నాము" అని జవాబు రాసింది. ఆ రోజు నుంచి అత్తాకోడళ్ళు ఒకటైపోయారు.

తర్వాత మొగుడూ పెళ్ళాం దేశం వదిలి వెళ్ళారు. ఆయన అక్కడ బేకరీలో చేరాడు, ఇది సిటీబస్సు నడుపుతుంది. ఇక్కడ ఇరవై ఏళ్ళు రాసినా ఏ ఆఫీసూ దాని కాగితం విప్పి చూసిన పాపాన పోలేదు. అక్కడ మూడోరోజుకే జవాబొచ్చిందట: "మీ ఫిర్యాదుకు ధన్యవాదాలు." ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించింది. జనం పరాయిదేశంలో జీతం కోసం స్థిరపడతారు. ఇది జవాబుల కోసం స్థిరపడింది. అక్కడి భాష కూడా ఫిర్యాదు ఫారాలు చదివే నేర్చుకుంది. మొదట్లో కూరగాయల కొట్లో "తగు చర్య నిమిత్తం అరకిలో ఉల్లిపాయలు" అని అడిగేదట.

కిందటేడు రెండు వారాలు వాళ్ళింట్లో ఉన్నాను.

"చెల్లెమ్మా, తువ్వాలు ఎక్కడ పడితే అక్కడ ఆరెయ్యకు. రాసేస్తుంది," అన్నాడు వాళ్ళాయన, నేను గడపలో అడుగుపెట్టగానే.

మూడోరోజు పొద్దున డిపో నుంచి కాగితం వచ్చింది. ఆయన చదివి తల పట్టుకున్నాడు. "దీని బస్సు ఆస్పత్రి స్టాపులో రోజూ ఎక్కువసేపు ఆగుతోందట. పన్నెండు ఫిర్యాదులు వచ్చాయట. ఉద్యోగంలో ఉంచాలో వద్దో ఇవాళ తేలుస్తారట."

"ఎవరు రాశారన్నయ్యా?"

"ఇంకెవరు? పన్నెండూ ఇదే రాసింది. తన మీద తనే!"

ఆ ఉద్యోగానికి అది మూడుసార్లు పరీక్ష తప్పి నాలుగోసారి పాసైంది. ఇప్పుడు పోతే ఈ వయసులో మళ్ళీ స్టీరింగు ఎవరిస్తారు? ఆ కాగితం పట్టుకుని దాని గదిలోకి పరిగెత్తాను. అదేమో నింపాదిగా యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది.

"ఒసే, నీకేమైనా పిచ్చా?"

"విచారణకి సాక్షిని తీసుకెళ్ళొచ్చట. చెప్పులేసుకో," అంది.

డిపో మేనేజరు పెట్టిన చీవాట్లన్నీ నా చెవిలో మన భాషలోకి మార్చి చెప్పింది, ఒక్క మాట తగ్గించకుండా. "నాకు బాధ్యత లేదంటున్నాడే," అని కూడా చెప్పింది.

"ఆ స్టాపులో రెండు నిమిషాలు ఎందుకు ఆపుతున్నారు?" అన్నాడాయన.

"ఆస్పత్రి గేటు నుంచి కర్ర పట్టుకుని నడిచేవాళ్ళకి అంత పడుతుంది సార్. బస్సు పోతే మళ్ళీ గంటసేపు చలిలో నిలబడాలి."

"ఆ మాట నోటితో చెప్పొచ్చుగా?"

"మూడుసార్లు చెప్పాను. ఆ స్టాపు మీద ఒక్క ఫిర్యాదూ లేదు, టైములు మార్చం అన్నారు. ముసలివాళ్ళు ఫిర్యాదు చెయ్యరు, నన్ను దీవిస్తారు. దీవెనలకి మీ దగ్గర ఫారం లేదు. పన్నెండు ఫిర్యాదులొస్తే రూటు టైములు మళ్ళీ చూడాలని మీ రూల్సు నాలుగో పేజీలో ఉంది."

మేనేజరు నాలుగో పేజీ తీసి రెండుసార్లు చదివాడు. గ్లాసుడు నీళ్ళు తాగాడు. ఆఖరికి ఆ స్టాపుకి రెండు నిమిషాలు కలిపి, దీని చేతిలో ఒక హెచ్చరిక కాగితం పెట్టి పొమ్మన్నాడు. ఉద్యోగం దక్కింది. గుమ్మం దాటకముందే హెచ్చరికలో తేదీ తప్పు పడిందని పెన్ను తీసింది. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

మధ్యాహ్నం దాని బస్సే ఎక్కి, దాని వెనక సీట్లో కూర్చున్నాను. ఆస్పత్రి స్టాపులో ఒక పెద్దాయన కర్ర తాటించుకుంటూ, హడావిడి లేకుండా వస్తున్నాడు. బస్సు ఆగి ఉంది. నాకు ఏడో తరగతి గుర్తొచ్చింది. మొదటి బెంచీలో కూర్చుని కూడా నేను కళ్ళు చికిలించి బోర్డు చూస్తుంటే లెక్కల మాస్టారు పట్టేశారు. వారం తిరక్కుండా నాన్న కళ్ళజోడు కొనిపెట్టారు. అప్పటినుంచీ దీన్ని చాడీలకోరు అనుకుంటూనే ఉన్నందుకు సిగ్గేసింది.

"ఏమే, ఆనాడు నా మీద పెట్టిన అర్జీ..."

"నీకు బోర్డు కనపడదని నాకు తెలుసు. కళ్ళజోడు పెడతారని భయపడి నువ్వు ఎవరికీ చెప్పవు. ఎవరో ఒకరు రాయాలిగా," అంది అద్దంలోంచి నన్ను చూస్తూ. పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. అది గేరు వేసింది. "ఇంక మాట్లాడకు. జోడు ఉందిగా, ఆ బోర్డు చదువు."

"డ్రైవరుతో మాట్లాడరాదు" అని అక్కడి భాషలో రాసి ఉందని పక్కన ఉన్న బొమ్మ చూస్తే తెలిసింది. కింద ఇంకో వరుస దాని చేతిరాతలో, మన అక్షరాల్లో: "నకలు: నా స్నేహితురాలికి."